గొడుగు పిడి మీద ఒంటికాలి పిట్ట

జూన్ 1, పొద్దున

చచ్చినవాడి మీద పగ తీర్చుకోవచ్చా, కూడదా? నువ్వే చెప్పు.

గ్రంథం ముందు పెట్టుకుని మూడు రోజులుగా వెతుకుతున్నాను. పగ పైవాడికి వదిలెయ్యమని ఉంది. చచ్చినవాడి సంగతి విడిగా ఎక్కడా లేదు. వద్దని లేదు కాబట్టి సెలవు ఇచ్చినట్టే అని అర్థం చెప్పుకున్నాను. నేను ఏ బోధకుల స్కూల్లోనూ చదవలేదు. వారమంతా టైలర్ని, ఆదివారం ప్రసంగీకుణ్ణి. కత్తెర పట్టిన చేత్తోనే అక్షరాలు దిద్దుకున్నాను. నా అర్థాలు నావి.

శుక్రవారం ఒక లారీ డ్రైవర్ పాత గొడుగు తెచ్చి కొత్త గుడ్డ వెయ్యమన్నాడు. గొడుగులు నా పని కాదన్నాను. గుడ్డే కదన్నా, గొడుగుక్కూడా చొక్కా కుట్టావనుకో అన్నాడు. విసుక్కుంటూ పిడి చూశాను. కాల్చిన సూదితో గీసిన పిట్ట. ఒంటికాలి పిట్ట.

మా నాయనమ్మ మంచం పక్కన మేకుకి వేలాడే గొడుగు మీదా అదే పిట్ట. ఆవిడ తండ్రి ఊరూరా తిరిగి గొడుగులు బాగుచేసేవాడు. తను చేసిన ప్రతి పిడి మీదా ఆ గుర్తు వేసేవాడు. రెండో కాలు గీసేలోపు ఇంకో ఊరు గుర్తొచ్చేది ఆయనకి అంటుంది నాయనమ్మ.

ఆయన చనిపోయినట్టు మా ఇంటి గ్రంథం చివరి పేజీల్లో తేదీతో సహా రాసి ఉంది. నాయనమ్మకి అప్పుడు నాలుగేళ్ళు. డ్రైవర్ గొడుగు మీద పిట్ట పక్కన ఏడాది కూడా చెక్కి ఉంది. ఆ చావుకి పద్నాలుగేళ్ళ తర్వాతి ఏడాది.

చచ్చినవాడు గొడుగులు చెయ్యడు. పారిపోయినవాడు చేస్తాడు.

నాయనమ్మ ఎనిమిదేళ్ళ వయసులో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళలో అంట్లు తోమింది. తండ్రిలేని పిల్ల అని జాలిపడి చిరిగిన గౌన్లు ఇచ్చేవారట. అదే రోజుల్లో ఆయన ఏదో అరుగు మీద తీరిగ్గా కూర్చుని పిట్టలు గీసుకుంటున్నాడు.

జూన్ 2

డ్రైవర్ గొడుగు కోసం వచ్చాడు. అది వాళ్ళమ్మదట. ఒక పగలంతా బస్సులో వెళ్తే వచ్చే కొండ ఊరు వాళ్ళది. ఆ గొడుగు చేసిన తాత సమాధి అక్కడే ఉందట. ఊరివాళ్ళే రాయి నిలబెట్టారట. రాయి మీదా పిట్టే. నీకేమవుతాడన్నా అని అడిగాడు. ఏమీ కాడన్నాను.

సంచిలో సుత్తి పెట్టాను.

జూన్ 3, మధ్యాహ్నం

గ్రంథం చివర్లో ఉన్న ఖాళీ పేజీల్లో మా ఇంటి పుట్టుకలూ చావులూ ఉంటాయి. ఐదు తరాల చేతిరాతలు. ఆయన చావు మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చాను. అందరికంటే కింద ఉన్న చావు నా కొడుకుది. నా చేతిరాత. నిరుటి అక్టోబర్. దాని గురించి ఇక్కడ రాయను.

మా ఆవిడ సంచి సర్దుతూ సుత్తి చూసింది. ఎందుకంది. మేకు కొట్టాలన్నాను. నువ్వు కొట్టిన మేకులు చాల్లే, పీకేవాడు లేక చస్తున్నాం అంది.

ఎక్కడికిరా ప్రయాణం అని నాయనమ్మ అడిగింది. ప్రసంగానికన్నాను. నీ నోటికి సెలవులుండవా నాయనా అంది.

జూన్ 5, బస్సులో

ప్రసంగం సిద్ధమైంది. వినవలసినవాడు రాయి కింద ఉన్నాడు.

జూన్ 6

ఆయన అద్దెకున్న గది ఇంకా ఉంది. కిటికీకి సగం తలుపే ఉంది. ఆ ఇంటి పెద్దావిడకి ఎనభై దాటాయి. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని గొడుగు పుల్లలు అందించేదట.

రెండో పెళ్ళాం ఎక్కడుందని అడిగాను. లేదంది. పిల్లలన్నాను. లేరంది. మూడోసారి అడిగేసరికి, నీకేం పనీ పాటా లేదా అబ్బాయ్, లేని మనిషిని నేనెక్కణ్ణుంచి తేను అంది. ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఒంటరిగానే బతికాడట. ఇంకో సంసారం ఉంటుందని ఎంత ఆశపడ్డానో అప్పుడు తెలిసింది. ఉంటే నా పని సుళువయ్యేది.

ఎవరైనా అన్నం పెడితే, నేను పోయి చాలా ఏళ్ళయిందమ్మా, పోయినవాడికి ఆకలేమిటి అనేవాడట. అని రెండుసార్లు వడ్డించుకునేవాడట. ఎలా పోయావు తాతా అని ఈవిడ అడిగితే, మావాళ్ళు పుస్తకంలో రాసేశారే అని నవ్వేవాడట.

ఏటా తొలివాన పడగానే గదికి తాళం పెట్టి కాలినడకన బయల్దేరేవాడట. పక్షం తర్వాత వచ్చేవాడట. ఎక్కడికి తాతా అంటే ఒకటే మాట. నా కూతురికి గొడుగుందో లేదో చూసి రావాలి.

సమాధి దగ్గర సుత్తి చేతిలోకి తీసుకున్నాను. కొట్టలేదు. జాలి అనుకోకు. తప్పు రాయి మీద దెబ్బ వెయ్యకూడదని ఆగాను. పుస్తకంలో రాసినవాడెవడో ముందు తేలాలి.

జూన్ 7

ఇల్లు చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఇరవై రెండేళ్ళలో నేను లేని మొదటి ఆదివారం.

జూన్ 8

ప్రార్థన గది అల్మారా తెరిచాను. తాళం ఇరవై రెండేళ్ళుగా నా జేబులోనే ఉంది. అడుగున ఉన్న సంఘం పాత మినిట్స్ బుక్కులు ఏనాడూ విప్పలేదు. నాకు గ్రంథం ఒక్కటి చాలనేవాణ్ణి.

ఆయన చావు ఏడాది పుస్తకంలో ఇలా ఉంది: ఒక ఆదివారం వాన. ప్రార్థనకి వచ్చిన ముసలావిడ గొడుగు విరిగింది. మా ముత్తాత మెట్ల మీదే కూర్చుని బాగుచేశాడు. విశ్రాంతి దినాన పనిచేశాడు గనక సంఘం ముందు మోకరించి తప్పు ఒప్పుకోమన్నారు. వాన ఆదివారమని చూసుకుని కురిసిందా అన్నాడట. ఆ మాట కూడా రాసిపెట్టారు, పాపపు మాటగా. కింద తీర్మానం: నేటి నుంచి ఇతడు చనిపోయినవారిలో లెక్క. భార్యాబిడ్డలు ఇతని ముఖం చూడరాదు.

ఆ తేదీ, మా గ్రంథంలో చావు తేదీ ఒకటే. రాతా ఒకటే. రాసినవాడు సంఘ పెద్ద. ముత్తాతకి స్వయానా మామగారు. నేను ప్రసంగం చెప్పే బల్ల వెనక గోడ మీద పటంలో ఉన్నవాడు. ప్రతి ఆదివారం ఆయన పేరెత్తి నీతికి నిలువెత్తు మనిషి అని గొంతు చించుకున్నాను.

స్టూలెక్కి పటం దించాను. ముఖం గోడకి తిప్పి మూల పెట్టాను. సుత్తి గుర్తొచ్చింది. మళ్ళీ ఇటు తిప్పి అద్దం పగలగొట్టాను. చెయ్యి తెగింది. బాగానే అనిపించింది.

జూన్ 9

నాయనమ్మకి చెప్పాను. గొడుగు వైపు చూస్తూ అంది: వాన మొదలైతే వీధి మలుపులో ఒకాయన వచ్చి కూర్చునేవాడురా. అమ్మ అటు పోనిచ్చేది కాదు. ఒకసారి చెయ్యి విడిపించుకుని పరిగెత్తాను. ఈ గొడుగు నా చేతిలో పెట్టాడు. మీ నాన్నది అటక మీద దొరికిందని చెప్పు, ఎవరడిగినా అంతే చెప్పు అని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. చెప్పీ చెప్పీ అదే నిజమనుకున్నాను.

బతికున్నవాడి కోసం నన్ను ఏడిపించారు అంది.

ఆ తర్వాత, నా మునిమనవడు ఎలా ఉన్నాడ్రా అని అడిగింది. ఎనిమిది నెలలుగా ఈ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న.

లేచి బయటికొచ్చేశాను.

జూన్ 13, పొద్దున

రాస్తాను.

నా కొడుకు చావలేదు. బస్ స్టాండ్ అవతల మూడో వీధిలో సైకిళ్ళు బాగుచేస్తున్నాడు. నిరుడు వాడు తాగుడికి అలవాటు పడ్డాడు. ఇంట్లో వాడితో ఒక్క మాటా మాట్లాడలేదు నేను. ఆదివారం బల్ల ఎక్కి మాట్లాడాను. వాడు మూడో వరసలో కూర్చుని ఉండగానే, వాడు వాంతి చేసుకున్న దుప్పటితో సహా అంతా చెప్పాను. బాగా చెప్పాను. జనం ఏడ్చారు. వాడు లేచి నిలబడ్డాడు. నా కథ చెప్పి వాళ్ళని ఏడిపించకు నాన్నా, నాతో మాట్లాడు అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం గ్రంథం తెరిచి వాడి పేరు పక్కన చావు తేదీ వేశాను. ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో అలా చేస్తారని తెలియకుండానే చేశాను. మా ఆవిడ వాడి చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉంచింది.

వాడు తాగడం మానేసి ఐదు నెలలైందట. మా ఆవిడ ఇవాళే చెప్పింది. నువ్వడగలేదుగా అంది.

పగ తీర్చుకోవలసినవాడి కోసం కొండలెక్కాను. దొరికాడు. నా అంగీ తొడుక్కుని ఉన్నాడు.

జూన్ 14, ఆదివారం, తొమ్మిదిన్నర

తొలివాన. పదింటికి ప్రార్థన. బల్ల దగ్గర ఎవరూ ఉండరు.

గ్రంథంలో వాడి చావు తేదీ కొట్టేశాను. గొడుగు నాయనమ్మే మేకు మీంచి తీసి ఇచ్చింది. చెప్పులు సంచిలో పెట్టాను.

నీ పుస్తకంలో నువ్వు చంపి రాసినవాడు ఎవడైనా బతికి ఉన్నాడా? లే. వాన వెలిశాక అనకు. ఇవాళే వెళ్ళు.