గేటుకి అంటించిన గెలుపుల పట్టిక

సాన్ పెద్రో, మంగళవారం

చక్కెర మిల్లు బేస్‌బాల్ జట్టు మేనేజరు సెన్యోర్ ఫాబ్రిసియో గారికి,

ఆట చివర్లో బంతి విసరడానికి దిగే పిచర్ల గెలుపుల పట్టిక ఒకటి మీరు మిల్లు గేటుకి అంటించారు. శుక్రవారంలోగా దాన్ని చింపెయ్యండి. ఆ రోజు మా అన్న ఎలీహియో ఆస్పత్రి నుంచి ఆ దారినే ఇంటికొస్తాడు.

అన్నకి పదికి మూడు గెలుపులు, రమీరోకి పదికి ఎనిమిది అని రాశారు. స్కోరు పుస్తకాలు నేనూ తిరగేశాను. రమీరో ఐదు ఆటల్లో మన ఆధిక్యాన్ని పోగొట్టాడు. తర్వాత మనవాళ్ళు మళ్ళీ కొట్టి గెలిస్తే ఆ గెలుపులు అతని పేరునే పడ్డాయి. అన్న ఇరవై రెండు ఆటల్లో ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడాడు. ఆ గెలుపులు ఆట మొదట్లో విసిరినవాళ్ళ పేరున పడ్డాయి, అన్న పదిలో అవి లెక్కకే రాలేదు. మీ పట్టికలో కాపాడినవాడికి గడే లేదు.

"ఏమయ్యా ముప్పై శాతం, పెళ్ళాం పదిసార్లు పిలిస్తే మూడుసార్లే పలుకుతావా?" అని గేటు దగ్గర తోటి పనివాళ్ళు అన్నని చూసి నవ్వారు. మీరు అతన్ని జట్టులోంచి తీసేశారు. ఆటగాళ్ళకిచ్చే తేలిక పని పోయింది, చెరకు గానుగ దగ్గర వేశారు. నాలుగో రోజున గానుగ మా అన్న కుడిచేతిని లాగేసింది.

నిన్న ఈ లెక్కంతా అన్నకి చదివి వినిపించాను.

"ఊరుకోరా. మేనేజరు గారు చదువుకున్న మనిషి, లెక్క తప్పుతాడా? నేనే ఇంకో నాలుగు గెలవాల్సింది" అన్నాడు.

ఎలీహియో తమ్ముడు,
అదే గానుగ దగ్గర, పగటి షిఫ్టు