గేదెకు చెప్పిన మాట

2014 జూలై, గురువారం

మొహమాటం పోగొట్టుకోవాలని ఇప్పటికి నాలుగు పుస్తకాలు చదివాను. చదువుతున్నప్పుడు ధైర్యం వచ్చేది, కాలవ గట్టెక్కేసరికి పోయేది. ఏటా, వారానికోసారి వచ్చే నా నీటి వంతు రోజున పైమడి సింహాచలం కాలవకు అడ్డంగా కట్ట వేసి తన పొలానికే నీరు తిప్పుకునేవాడు. నేను నోరు మెదపకుండా ఇంటికి వచ్చేసేవాడిని. ఈ ఏడు ఆకుమడిలో నారు పసుపెక్కిపోతోంది.

అందుకే ఐదో పుస్తకం తెరవలేదు. ఒక్క మాటే పట్టుకున్నాను. పది రోజులు గేదెను మేతకు తోలుకెళ్తూ దానికే గట్టిగా చెప్పాను, "ఈ రోజు వంతు నాది" అని.

ఈ ఉదయం సింహాచలం కట్ట వెయ్యడానికి పార ఎత్తాడు. నా నోట గేదెను ఆపే అలవాటు కేకే వచ్చింది.

"హోయ్, ఆగు! ఈ రోజు వంతు నాది!"

అతను నిజంగానే ఆగిపోయాడు. గట్టు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు.

"ఏటి బావా, నన్ను గేదనుకున్నావేటి?" అన్నాడు.

"గేదైతే రెండోసారి సెప్పక్కర్లేదురా. పార దించు."

గొణుక్కుంటూ దించాడు. నీరు నా మడిలోకి వచ్చింది. మడి నిండేదాకా నేను గట్టు మీదే కూర్చున్నాను.

"మావా, ఊరంతా నవ్వుతన్నారు. ఆ పుస్తకాలు అటక మీద పెట్టీ" అంది మా ఆవిడ.

పెట్టను. నవ్వేవాళ్లు నవ్వనీ. నాలుగు పుస్తకాలకు ఒక్క మాట వచ్చింది, కానీ వచ్చింది. మళ్లీ నా వంతు వచ్చే గురువారం. ఆ రోజు సింహాచలం ఊరుకుంటాడో లేదో...

రేపటి నుంచి గేదెకు రెండో మాట చెబుతాను. "ఈ వారం కూడా నాదే."