మంద నిలిపిన చేను

మంగళవారం, మార్కాపురం.

ఓబులమ్మ కేసు ఓడిపోయాను. కూతురు తండ్రి దగ్గరే ఉండాలని తీర్పు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కొమరోలు దిక్కున గొర్రెలు కాసేవాళ్ళు. ఎరువు కోసం రైతులు పిలిస్తే వాళ్ళ చేలల్లో మంద నిలిపి, రాత్రిళ్ళు అక్కడే పడుకునేవాళ్ళు.

జడ్జిగారు అతన్ని కష్టజీవి అన్నారు. ఆమెతో మాత్రం, "పరాయి మగవాళ్ళ పొలాల్లో పడుకునేదానివి, నీ చేతికి ఆడపిల్లనెట్లా ఇస్తాం?" అన్నారు. హాలంతా నవ్వింది. ఇద్దరూ పడుకున్నది ఒకే చేలో కదా సార్ అని లేచాను. "కూర్చోండి మేడమ్. మీలాంటి చదువుకున్నవాళ్ళను అనలేదు" అన్నారు, ఎంతో మర్యాదగా. కూర్చున్నాను. ఇంకోమాట అనాల్సిందా? అంటే ఆమెను ఇంకేం అనేవారో...

మెట్ల దగ్గర ఓబులమ్మ నా నల్లకోటు పట్టుకుంది. "ఆయప్ప గూడా నా పక్కనే పండుకున్నాడు గదక్కా. ఆయన్నేమీ అనలేదేంది?"

మొగుడు పాపను బండెక్కిస్తూ నవ్వాడు. "ఏడుస్తావేందే? ఎల్లుండి బేస్తవారిపేట దిక్కు మంద తోలుకపోతున్నా. ఇంట్లో ఎవరున్నారు? దీన్నీ తీసుకపోతా."

ఎనిమిదేళ్ళ పిల్ల. ఎల్లుండి నుంచి అదీ పరాయివాళ్ళ పొలాల్లోనే పడుకుంటుంది, కోర్టు ఉత్తర్వు ప్రకారం.