జాంగిరి మెడలో గింజ, నా ఇరవై ఒక్క రోజుల కాపలా

జూన్ 2, ఉదయం 11.30
ఇందుమూలంగా రేణిగుంటలోని యావన్మంది గండుపిల్లులకు తెలియజేయడమేమనగా: నేటి నుండి ఇరవై ఒక్క రోజుల పాటు మా ఆడపిల్లి జాంగిరి దర్శనం రద్దు చేయడమైనది. పైరవీలు, సిఫార్సు లెటర్లు, గోడ దూకుళ్లు చెల్లవు. ఇట్లు, గంగాధరం, ఆటో మైకు ప్రచారం.

కారణం: రెండేళ్లలో జాంగిరి పద్నాలుగు పిల్లల్ని పెట్టింది. వీధిలో పిల్లి లేని ఇల్లు లేదు. ఇల్లు గలామె రెబెకాక్క తేల్చేసింది: "ఇంకొక్కసారి పిల్లలు పెట్టిందా, పిల్లి ఈడ ఉండేదానికి లేదప్పా." మా ఆవిడ ఆనందమ్మ వెంటనే అందుకుంది: "పిల్లి పోతే నేనూ పోతా, కార్వేటినగరం, మా నాయన దగ్గరికి."

జాంగిరికి మత్తు పడదు, ఆపరేషన్ కుదరదు. అందుకే తిరుపతి డాక్టరమ్మ దాని మెడ వెనక, చర్మం కింద, బియ్యపు గింజంత మందు పెట్టింది. ఏడాదికి పైగా ఎదకు రాదట. "అయితే మొదట్లో ఎద ఇంకా ఎక్కువగా వస్తుంది. మూడు వారాలు తలుపు తీయొద్దు" అంది.

తలుపు నా పూచీ!

జూన్ 3, ఉదయం 7.00
కట్టుదిట్టాలు: కిటికీలకు దోమతెర. బాత్రూం వెంటిలేటరుకు పాత ఎన్నికల ఫ్లెక్సీ, అభ్యర్థి మొహం బయటికి. దాన్ని చూసి ఏ గండుపిల్లయినా జడుసుకోవాల్సిందే. ఇరవై ఒక్క రోజులేంటి, ఇరవై ఒక్క ఏళ్లు కాస్తా!

జూన్ 6, సాయంత్రం 4.15
గింజ పని మొదలైంది. జాంగిరి నేల మీద ఒకటే దొర్లడం, ఒకటే అరుపులు. పక్కింటి మునికుమార్ వచ్చాడు.
"ఏమన్నా, మీ ఇంట్లో బిడ్డెవరన్నా ఏడుస్తా ఉండారా?"
"లేదప్పా, మా ఆనందమ్మ సంగీతం నేర్చుకుంటా ఉండాది."
లోపలి నుంచి చీపురు వచ్చింది. గురి బాగుంది.
గోడ మీద గండుపిల్లులు: నాలుగు.

జూన్ 7, ఉదయం 10.00
మైకులో కుక్క అరుపు పెట్టాను. పిల్లులు పరార్! వీధి కుక్కలన్నీ జవాబు చెప్పడానికి వచ్చాయి. అరగంట కచేరీ. "ఆపప్పా, తల పగిలిపోతా ఉండాది!" అని రెబెకాక్క.
కుక్కలు వెళ్లాక గోడ మీద: ఆరు.

జూన్ 9, సాయంత్రం 5.00
బ్రహ్మాండమైన ఆలోచన! జాంగిరి అరుపు ఫోన్లో రికార్డు చేసి, మైకులో పెట్టి, ఏర్పేడు రోడ్డు వైపు ఆటోను మెల్లగా నడిపాను. ఆరుగురూ వెనకాలే. ఊరేగింపే! బజ్జీల బండి దగ్గర జనం లేచి నిలబడ్డారు. ఊరి చివర వాళ్లను వదిలేసి దర్జాగా తిరిగొచ్చాను.

6.10: మైకు ఆపడం మరిచిపోయాను.
6.15: గోడ మీద పదకొండు. ఊరి చివరి వాళ్లూ వచ్చేశారు.
ఆనందమ్మ: "నువ్వు కాపలా కాస్తాండావా, పెళ్లి సంబంధాలు చూస్తాండావా?"

జూన్ 11, మధ్యాహ్నం 1.00
ఆలోచించగా, మూడు వారాలన్నది చలిదేశాల లెక్క అయ్యుంటుంది. రేణిగుంట ఎండకు గింజ ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. తొమ్మిది రోజులు ఎక్కువే. పైగా నాకు నిద్ర లేదు.

జూన్ 12
రాత్రి 2.00: జాంగిరి లేదు!!
తెల్లవారుజాము 5.00: వచ్చింది. ఒళ్లంతా దుమ్ము. పాలు తాగి, నాకు వీపు చూపించి పడుకుంది.
కారణం: గాలి. ఉన్నట్టుండి పెద్ద గాలి వీచి వెనక తలుపు గడి ఊడిపోయింది. మానవమాత్రుణ్ణి, గాలిని ఆపగలనా!

జూలై 8, సాయంత్రం 6.00
స్కానింగ్. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది: ఒకటి, రెండు, మూడు.
ఇంటికి రాగానే ఆనందమ్మ పెట్టె తీసి చీరలు సర్దడం మొదలుపెట్టింది.
రెబెకాక్క వచ్చింది. గాలి కథంతా చేతులూపుతూ చెప్పాను, ఈల శబ్దంతో సహా. ఆమె వెళ్లి గడి పట్టుకొని కదిపింది. ఊగింది. ఆమె మొహం చిన్నబోయింది.
"రెండేండ్లుగా ఆనందమ్మ చెప్తానే ఉండాది, గడి వదులైందని. నేనే పట్టించుకోలేదు. నా ఇంటి గడి ఊడితే పిల్లినేమంటామప్పా? ఉండనీలే."
గంటలో మనిషిని పిలిపించి కొత్త గడి వేయించింది. పెట్టెలోంచి చీరలు బయటికొచ్చాయి.

జూలై 9, ఉదయం 7.00
కథ మళ్లీ మొదటికొచ్చింది! పిల్లలు పుట్టి పాలు మానగానే డాక్టరమ్మ దగ్గరికి, కొత్త గింజకు. ఈసారి ముప్పై రోజుల కాపలా. కొత్త గడికి రెండు తాళాలు. తాళంచెవులు మాత్రం ఆనందమ్మ కొంగుకు.

ఎందుకంటే జూన్ 12న రేణిగుంటలో ఆకు కూడా కదల్లేదు. గాలి మొత్తం నా కల్పన. జాంగిరి గడప దగ్గర కూర్చుని, నా కాలి మీద చెయ్యేసి, మొహంలోకి చూసింది.

గడి తీసింది నేనే.