వావిలాకు, అవ్వ రెండు మోకాళ్లు

మంగళవారం రాత్రి, శామీర్‌పేట

విజ్ఞాన చరిత్రలో ఇవాళ గొప్ప రోజు. చరిత్రకు ఇంకా కబురు అందలేదు, అంతే. చెరువు పక్కన కోసుకెళ్లిన వావిలాకు సారాన్ని కాలేజీ ల్యాబ్‌లో ఊదారంగు రసాయనంలో కలిపి కాసేపు ఉంచితే, అది పసుపుపచ్చగా మారింది. అంటే ఆకులో యాంటీఆక్సిడెంట్ గుణం ఉన్నట్టే. ఇక కోడిగుడ్డు తెల్లసొన వేడిచేస్తే, సారం కలపనిది పాలలా తెల్లబడింది; కలిపినది చాలావరకు తేటగానే ఉంది. వాపు తగ్గించే గుణానికి అది తొలి ఆనవాలు.

ఇంటికొచ్చి ఛాతీ విరుచుకుని ఇదంతా చెబితే, మోకాళ్ల నొప్పులతో ఉన్న అవ్వ ఒకటే అడిగింది. "కోడిగుడ్డుకు మోకాళ్లుంటయార?"

మా ప్రాజెక్టు గైడ్ కూడా ఇంత సూటిగా అడగలేదు.

నేను తేరుకునేలోపే, "ఆకు పనిజేస్తదని తేలింది గదా. ఇగ గా డాక్టర్ గోలీలు బంద్" అని డబ్బా మూలకు నెట్టింది. కిందటిసారి అవి మానేసి, అవ్వ మంచం దిగలేకపోయింది.

"అవ్వా, పరీక్ష ఇంకా అయిపోలే. కుడి మోకాలుకే ఆకు కడత, ఎడమదానికి కట్ట. గోలీ మాత్రం రెండింటికీ సమానంగ పడాలె. గప్పుడే ఆకు సంగతి తెలుస్తది."

అవ్వ నన్ను అనుమానంగా చూసి, సైన్సు కోసం గోలీ మింగింది. ఆముదంలో వెచ్చబెట్టిన ఆకు కుడి మోకాలుకు కట్టాను. పొద్దున ఏది ముందు వంగుతుందో చూడాలని ఒకటే ఆత్రం.

లైటు ఆర్పబోతుంటే మంచం మీద నుంచి గొంతు వినిపించింది. "అరేయ్, ఎడమ మోకాలు ఏం పాపం జేసిందిర?"