నేను ముట్టని పాత్ర

తాండూరు,
ఆదివారం.

శ్యామలకు ప్రభువు పేరిట వందనాలు. ఇక్కడ అమ్మ, నేను బాగానే ఉన్నాం. వికారాబాద్‌లో నువ్వు, శ్రేయ కూడా బాగుండాలని రోజూ అడుక్కుంటున్నాను.

ఫోన్ చేస్తే నా గొంతులో మందు ఉందా లేదా అనే వెతుకుతానని, అందుకే ఉత్తరం రాయమన్నావు. ఇప్పుడు అక్షరాల్లో వెతుకుతావేమో. నా అక్షరాలు చిన్నప్పటి నుంచీ వంకరే, ఫికర్ చేయకు.

శ్రేయకు దగ్గు తగ్గిందా? హాస్టల్ పిల్లలందరికీ వండి నువ్వు వేడన్నం తింటున్నావా? అమ్మ పప్పులో ఒకరోజు ఉప్పుంటుంది, ఒకరోజు ఉండదు. నువ్వు లేని ఇంట్లో గడియ చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తోంది. ఫ్యాక్టరీలో బండలు పాలిష్ చేస్తున్నంతసేపు నయం, మిషన్ మోతలో నువ్వు గుర్తురావు. అది అబద్ధం. అక్కడా వస్తావు.

తాగుడు మాన్పించే గోలీ ఎవరు ఇస్తున్నారని అడిగావు. అమ్మే. అది వేసుకుని తాగితే వాంతులై, గుండె దడదడలాడి ప్రాణం మీదికి వస్తుందని, మింగేదాకా ఇంట్లోవాళ్ళు చూడాలని డాక్టర్ చెప్పాడు కదా. నువ్వైతే నాలుక పైకెత్తించి మరీ చూసేదానివి. మొన్నటిదాకా అమ్మ గోలీ చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేది. ఆమెన్ అనేసరికి నా చాయ్ కూడా అయిపోయేది.

ఇక నువ్వు రాసిన అసలు మాట. బల్ల ఆదివారం నాడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకుని, ద్రాక్షరసం పాత్ర వదిలేశానని మీ పెద్దమ్మ చెప్పిందట. "మళ్ల తాగుతున్నడు, పాపమని భయపడి గందుకే పాత్ర ముట్టలే" అని సంఘమంతా అంటోంది. నువ్వు లేకున్నా నేను తాగకుండా నిలబడితేనే తిరిగొస్తానని పోయినదానివి, 'నిజమేనా' అని ఒక్క ముక్క రాసి ఆపేశావు. దానికి జవాబు రాయడానికే ఇన్ని రోజులు పట్టింది.

తాగలేదు. చర్చిలో పోసేది పులిసిన రసం, ఈ గోలీ మీద చుక్క కూడా పడదు. ఎవరడిగినా అదే చెప్పి తప్పించుకోవచ్చు. నీకు మాత్రం మిగతాది చెప్పాలి. ఆ ఆదివారానికి ముందు వారమంతా నేను గోలీ మింగలేదు. అమ్మ కళ్ళు మూసుకోగానే జేబులో వేసుకున్నాను. దేవుని పాత్ర కోసమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పాత్ర దగ్గరికొచ్చింది, వాసన తగిలింది. నోట్లో నీళ్ళూరాయి శ్యామలా. గోలీ మానింది దేవుని కోసం కాదని అప్పుడు తెలిసింది. పాత్ర పక్కాయనకు అందించి తల దించుకున్నాను.

ఇంటికొచ్చి గోలీలన్నీ అమ్మ ముందు పెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. ఒక్కొక్కటే లెక్కపెట్టి మళ్ళీ డబ్బాలో వేసింది.

"రేపటి సంది కండ్లు తెర్సుకొనే ప్రార్థన జేస్త కొడుకా," అంది.

అట్లాగే చేస్తోంది. నీ పేరు దగ్గరికొచ్చేసరికి నేనే చూపు తిప్పుకుంటాను.

వచ్చే బల్ల ఆదివారం కూడా పాత్ర వదిలేస్తాను. సంఘం ఏమనుకున్నా సరే, ఆడవాళ్ళ వైపు చాప మీద నువ్వు కూర్చుంటే చాలు. నిన్ను చూడక మనసు పీకుతోంది. రావాలనిపిస్తేనే రా. రోజూ పొద్దున అమ్మ ఆమెన్ అన్నాక, అడిగేవాళ్ళు లేకున్నా నాలుక పైకెత్తుతున్నాను.

ఇట్లు,
శ్రేయ నాన్న,
ప్రేమ్‌సాగర్