చిక్కుడు పాదుల్లో ఉప్పునీళ్ళు

విశాఖపట్నం,
14-2-1979.

తాతబాబు గారికి,

గంగాధరరావు నమస్కరించి రాస్తున్న సంగతులు. పారాదీప్ రేవులో మీకు పని దొరికిందని మీ అమ్మగారు చెప్పారు. ఒంట్లో కులాసా అని తలుస్తాను. మీరు నన్నెరగరు. ఇక్కడ పంటల తెగుళ్ళు పరీక్షించే ఆఫీసుకి ఈమధ్యనే బదిలీ మీద వచ్చాను.

కిందటి వారం మీ అమ్మ మహాలక్ష్మమ్మ గారు భీమిలి బస్సు దిగి, ఎండిపోయిన చిక్కుడు మొక్కలు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చారు. పొలం పంచమంటే తను ఒప్పుకోలేదన్న కోపంతో మీరు పాదుల్లో ఉప్పునీళ్ళు పోశారని కార్తీకంలో మీ అన్న వీరన్న గారు ఊరందరి ముందూ అన్నారట. ఆ మాట పడలేక మీరు వెళ్ళిపోయారట. "నా సిన్నోడు అలాటోడు కాదు బాబూ. నా మాట ఎవులూ నమ్మనేదు. ఆ మొక్కనే అడిగి సెప్పండి" అన్నారావిడ.

అడిగాను. మొదలు కుళ్ళలేదు, అక్కడ ఆవగింజల్లాంటి బూజు ఉండలూ లేవు. కాబట్టి మొదలుకుళ్ళు కాదు. కాండం నిలువునా చీలిస్తే లోపల నీరు పారే దారి పొడుగునా గోధుమరంగు చార కనిపించింది. ఆ ముక్కని గాజుపళ్ళెంలో పెంచితే దూదిలా బూజు లేచింది. మైక్రోస్కోపులో నెలవంకల్లాంటి బీజాలు కనిపించాయి. అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం. నేలలోంచి వేళ్ళలోకి ఎక్కి, నీరందకుండా చేసి మొక్కని చంపుతుంది. ఎండుతెగులంటాం. వేళ్ళకంటిన మట్టిలో ఉప్పు జాడే లేదు.

ఇవాళ అమ్మగారికి ఆ బీజాలు చూపించాను. చూపు బాగా తగ్గింది పాపం, ఏమీ కనబడకపోయినా కనబడ్డాయన్నారు. ఆ నేలలో కొన్నేళ్ళు చిక్కుడు వెయ్యకూడదన్నా దిగులు పడలేదు. "అయితే ఇంటికొచ్చీమని రాయండి. పెద్దోడు తెలక అన్నాడు. నాను సెప్తాను ఆడికి" అన్నారు. ఇదంతా ఆవిడ ఎదుటే రాసి, చదివి వినిపించాను.

ఇట్లు,
మీ మేలు కోరే
గంగాధరరావు

తా.క.: ఇది ఆవిడ వెళ్ళాక రాస్తున్నాను. మీరొక్కరే చదువుకోండి. పళ్ళెంలో బూజు చూసి మా ఆఫీసులో ముందునుంచీ ఉన్న శ్రీరామ్మూర్తి గారు, మీ ఊరి చిక్కుడులో ఇదే తెగులు ఆశ్వయుజంలోనూ చూశామన్నారు. తెచ్చింది ఎవరని అడిగితే వీరన్న గారి పేరే చెప్పారు. ఇది తెగులే, మనుషులు చేసింది కాదని అప్పుడే ఆయనకి విడమరిచి చెప్పారట. కార్తీకంలో మీ మీద వేసిన నింద తెలిసి వేసినదే. అమ్మగారికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మీకు చెప్పకుండా రమ్మనడానికి మనసొప్పలేదు. ఈపాటికి ఆవిడ ఇల్లు చేరి, తమ్ముడి తప్పేమీ లేదని ఆయనకి సంబరంగా చెబుతూ ఉంటారు.